మా పడసాలలో ఇద్దరు బాలింతలు

రండి, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ గోడ పక్కన వద్దు, పొద్దు తిరిగితే అక్కడ ఎండ పడుతుంది. ఈ చాప మీదికి రండి. చెనిక్కాయలు వేయించి చాటలో పోసి పెట్టాను, ఒలుచుకుంటూ వినండి. నాకు చదువు పెద్దగా అబ్బలేదు. వీధిబడిలో అక్షరాలు కూడబలుక్కునే దాకా వచ్చి ఆగిపోయింది. జ్ఞాపకం మాత్రం ఎక్కడా ఆగలేదు. అందుకని ఈ సంగతి మాటల్లో కొంచెం అటూ ఇటూ అయినా, జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతాను.

ఆ రోజుల్లో వస్తువును పారేయడమంటే ఏమిటో మాకు తెలియదు. చీర చిరిగితే బొంత అయ్యేది, బొంత చిరిగితే పసిపిల్లలకు పక్కగుడ్డ అయ్యేది, అదీ చిరిగితే దీపానికి వత్తి అయ్యేది. బిందెకు చిల్లి పడితే మాటు వేయించేవాళ్ళం, ఆ మాటు ఊడితే దాని మీద ఇంకో మాటు. అందువల్ల బెంగళూరులో పాత ఇంజన్లను పూర్తిగా విప్పి, బోరు తోలించి, లోపల కొత్త పిస్టన్లు వేసి, అరిగినవన్నీ మార్చి, మళ్ళీ బిగించి కొత్తదానిలా చేసి అమ్ముతారని విన్నప్పుడు మాకు వింత అనిపించలేదు. వింతంతా ఆ ఇంజన్ మా ఇంటికి వచ్చిన తర్వాత మొదలైంది.

మా మామకు ఒక బస్సు ఉండేది. పొద్దున మా ఊరి నుంచి కదిరికి పోయి, సాయంత్రం తిరిగి వచ్చేది. ముందర పొడుగాటి ముక్కు, వెనక చెక్కబాడీ, కిటికీలకు గుడ్డ పరదాలు. పెట్రోలు బండి. ముక్కు కింద ఇనుప హ్యాండిలు పెట్టి బలంగా తిప్పితేగానీ లేచేది కాదు. ఊళ్ళో దాన్ని దగ్గుబస్సు అనేవాళ్ళు. అది మొదటి దగ్గు దగ్గగానే కదిరికి పోవాల్సినవాళ్ళు తలకు నూనె రాసుకోవడం మొదలుపెట్టేవాళ్ళు (అది బయలుదేరేలోపల తల దువ్వుకొని, సద్ది తాగి, పిల్లలను నాలుగు తిట్టి రావడానికి సమయం ఉండేది). బస్సు తోలేది ఒక సాయిబన్న. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. మా మామను అన్నా అనీ, మా అత్తను వదినా అనీ పిలిచేవాడు. మా ఆయన టికెట్లు ఇచ్చేవాడు, బస్సు ఆగిపోయినప్పుడు దిగి తోసేవాడు. రెండో పనే ఎక్కువ.

అట్లా దగ్గుతూ దగ్గుతూ ఒకరోజు కదిరి దారిలో కొండ కనుమ ఎక్కేటప్పుడు దానికి ఆఖరి దగ్గు వచ్చింది. లోపల రాడ్డు విరిగి పక్కనుంచి బయటికి పొడుచుకొచ్చిందట. ఎద్దులను కట్టి ఇంటికి లాక్కొచ్చారు. మా మామ తలగుడ్డ తీసి చంకలో పెట్టుకొని, ఆ బస్సు వెనకాలే నడిచి వచ్చాడు.

అప్పుడు నేను పచ్చి బాలింతను. నాకు కన్నతల్లి లేదు, అందుకని తొలికాన్పు కూడా అత్తగారింట్లోనే అయింది. ఆడపిల్ల పుట్టింది. మా అత్త పురుడు పోయడంలో చుట్టుపక్కల ఊళ్ళలోనే పెద్ద పేరున్న మనిషి. నాకు తలకు గుడ్డ చుట్టి, చెవుల్లో దూది కుక్కి, పొద్దున సాయంత్రం సాంబ్రాణి పొగ వేసి, కాచిన నీళ్ళు తప్ప చుక్క పచ్చినీళ్ళు తాగనిచ్చేది కాదు. వెల్లుల్లి కారం, పాతబియ్యం అన్నం. ఎవరు ఏం మాట్లాడినా దూదిలోంచి వడకట్టుకొని నాకు సగమే వినబడేది. మంచం మాత్రం పడసాలలో కిటికీ పక్కనే ఉండేది కాబట్టి, వినబడని సగం కళ్ళతో చూసి పూర్తి చేసుకునేదాన్ని.

అప్పటికి వానలు లేక ఏండ్లయింది. చేలు బీళ్ళు పడ్డాయి, బావి ఎండి అడుగున రాళ్ళు కనబడుతున్నాయి. ఇంటిల్లిపాదికీ ఆ బస్సొక్కటే ఆధారం. ఇక్కడే మా మామకు ఇంకో పోటు తగిలింది. కదిరిలో జోడుబస్సులాయన అని ఒకాయన ఉండేవాడు. రెండు బస్సులున్నాయని ఆ పేరు. మూడోది మా దారిలో తోలాలని చాలాకాలంగా ఆయనకు ఆశ. మా బస్సు పడిందని తెలియగానే, ఆ ఊరికి బస్సే లేదు, జనం అల్లాడిపోతున్నారు అని పై ఆఫీసుకు రాసుకున్నాడు. కదిరి తేరు రోజుకల్లా మా బస్సు రోడ్డు మీద తిరుగుతూ కనబడకపోతే ఆ దారిలో తోలుకునే మా పర్మిట్ తీసి ఆయనకిస్తామని ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఆ పర్మిట్ పోతే మాకు మిగిలేది ఎండిన బావి, చక్రాల మీద ఒక చెక్కపెట్టె.

ఆరోజు ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. మా అత్త మాత్రం తిని, చెయ్యి కడుక్కొని, లోపలికి పోయి, మెడలోని కాసులదండ తీసి తెచ్చి మా మామ ఒళ్ళో పెట్టింది.

"ఇదేందే?" అన్నాడు మా మామ.

"ఇంజన్" అంది మా అత్త. "తీసుకోని రాపో. మెడలో ఉండి ఇది యాడికి పోతాండాది? రోడ్డు మీదుంటే కదిరికన్నా పోయొస్తాది."

మా మామ, ఉస్తాద్ కలిసి బెంగళూరు పోయారు. అక్కడ జరిగింది ఉస్తాద్ తర్వాత మా పడసాలలో కూర్చొని ఆడి చూపించాడు, అందుకని నేను చూసినట్టే చెబుతాను. షెడ్డు నిండా ఇంజన్లు వరసగా పెట్టి ఉన్నాయట. మా మామకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలిసిన కొనుగోలు ఒక్కటే, సంతలో ఎద్దులు. అందుకని ఇంజన్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. పక్కన చరిచి చూశాడు. వంగి వాసన చూశాడు. తర్వాత షెడ్డు మేస్త్రిని, "దీని పండ్లు చూడాల" అన్నాడట.

మేస్త్రి బిత్తరపోయాడు. ఉస్తాద్ మాత్రం కొంచెమైనా నవ్వకుండా, ఇంజన్ వెనకవైపు పెద్ద చక్రం అంచున ఉండే పళ్ళు చూపించి, "ఇవే అన్నా" అన్నాడు. మా మామ వాటిని వేలితో చుట్టూరా తడిమి, ఒక్కటీ ఊడలేదని, అరగలేదని తృప్తిపడి, "వయసులో ఉండాది" అని తేల్చాడు. ఇక బేరానికి మేస్త్రి చేతిమీద తువ్వాల కప్పి, సంతలో మాదిరి కింద వేళ్ళు పట్టుకున్నాడు. ఆ మేస్త్రి హిందూపురం వైపు మనిషే. ఊరు వదిలాక ఎవరూ అట్లా వేళ్ళు పట్టలేదట ఆయనను. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వి, బేరం ఒప్పుకొని, మా విరిగిన ఇంజన్‌ను కూడా తెచ్చిస్తే తీసుకుంటానని చెప్పి, పంపేముందు ఒక మాట అన్నాడు. ఆ మాటే మా కొంప మీదికి తెచ్చింది.

"చూడన్నా, ఇది బాలింత మాదిరి. కొన్నాళ్ళు బరువు ఎత్తించొద్దు, పరుగెత్తించొద్దు, మెల్లగ నడిపించాల. వేళకు నూనె పోయాల. ముఖ్యంగా లోపలికి దుమ్ము పోనీయద్దు. చిటికెడు ఇసుక పోయిందంటే ఇంక నన్ను తిట్టుకోవద్దు."

చెనిక్కాయలు దింపి వట్టిగా తిరిగొస్తున్న లారీలో ఆ ఇంజన్ చిలమత్తూరు మీదుగా కదిరి చేరి, అక్కడి నుంచి ఎద్దులబండిలో మా ఇంటి ముందు దిగింది. మా అత్త ఎర్రనీళ్ళ పళ్ళెంతో గడపలో నిలబడి హారతి ఇచ్చింది. నలుగురు మోసుకొచ్చేటప్పుడు, "కుడిపక్కతో గడప దాటించండ్రా" అంది (దానికి కుడి ఏదో ఎడమ ఏదో తేల్చడానికి ఆ నలుగురూ బరువు మోస్తూనే కొంతసేపు వాదించుకున్నారు). మా మామ మేస్త్రి చెప్పిన మాటలన్నీ ఒప్పజెప్పాడు.

మా అత్త శ్రద్ధగా విని, "మాదిరేంది? బాలింతనే. కడుపంతా విప్పి, లోపలిదంతా బయటికి తీసి, మళ్ళీ మూసినారంటే దాన్నింకేమంటారు?" అంది.

బస్సులోంచి పాత ఇంజన్ ఊడదీయాలంటే తుప్పు పట్టిన బోల్టులు ఒక పట్టాన కదలడం లేదు. అంతవరకూ కొత్తది ఎక్కడ పెట్టాలి? బయట మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చింది, మా వైపు ఎర్రదుమారం లేచే కాలం. "నా దండను దుమ్ములో పెడతారా?" అని మా అత్త పడసాలలో, నా మంచం పక్కనే, చెక్కపలకలు పరిపించి దాన్ని పండబెట్టించింది. అట్లా మా పడసాలలో ఇద్దరు బాలింతలయ్యాం.

నిజం చెప్పాలంటే నాకు ఆ ఇంజన్ మీద అసూయ పుట్టింది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు ఏడుపొచ్చింది. నాకు కప్పిన మంచి కంబళి తీసి దానికి కప్పారు. నాకు వేసే సాంబ్రాణి ముందు దానికి, మిగిలిన పొగ నాకు. పసుపు దానికి, విభూతి దానికి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు బిడ్డను చూడాలని వచ్చి, తీరా ఇంజన్ చుట్టూ కూర్చొని, "ఎంత బరువంట? ఎవరి పోలికంట?" అని మాట్లాడుకొని పోయేవాళ్ళు. మా ఆయన బయటి నుంచి వచ్చి నేరుగా దాని దగ్గరికి పోయి గుడ్డతో తుడిచేవాడు. నేను దగ్గితే, "ఏమిటి, చలా?" అని అడుగుతూ దాని కంబళి సర్దాడు ఒకసారి. ఆ సంగతి మాత్రం నేను ఆయన్ను చాలాకాలం మరిచిపోనివ్వలేదు.

దారిలో కుదుపులకు ఆ ఇంజన్ రంధ్రాలకు షెడ్డులో పెట్టి పంపిన చెక్కబిరడాలు ఊడిపోయాయి. మా అత్త ఒక మధ్యాహ్నం దూది బుట్ట ముందు పెట్టుకొని కూర్చుంది. "బాలింతకు చెవుల్లో గాలి పోతే బతుకంతా తలనొప్పే" అంటూ, మొదట నా చెవుల్లో దూది మార్చి, తర్వాత దాని చెవులన్నీ మూయడం మొదలుపెట్టింది. నాకు రెండే చెవులు. దానికి ఎక్కడ చూసినా చెవులే. పక్కన ఒక పెద్ద రంధ్రం ఉంది, వేలు పెడితే లోపలికే పోతోంది. అందులోకి దూది మీద దూది పెట్టి, గరిటె కాడతో లోతుకు తోసింది.

"అంత లోతుకు ఎందుకత్తా?" అన్నాను.

"నీకు తెలీదు, గమ్మునుండు. ఇదే దాని ముక్కనుకుంటా" అంది.

ఆ రాత్రే దుమారం లేచింది. తెల్లారి చూస్తే పడసాల అంతా ఎర్రమన్ను. మా పాప కనుబొమలు ఎర్రగా అయ్యాయి. కంబళి దులిపితే ఇంకో పడసాల నిండేంత మన్ను.

ఎట్లాగో పాత ఇంజన్ ఊడింది. కొత్తది లోపలికి దించాలంటే దాన్ని పైకెత్తాలి. బావి ఎండిపోయి, ఎద్దులతో నీళ్ళు తోడే కపిలి పనిలేకుండా పడి ఉంది. దాని గిలక ఊడదీసి, ఇంటి ముందు చింతచెట్టు కొమ్మకు కట్టి, కపిలి మోకునే ఇంజన్‌కు బిగించి, కపిలి ఎద్దులనే కట్టారు. ఇంజన్ గాల్లోకి లేచింది. కింద బస్సును తోసి నిలబెట్టారు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ ఎద్దులు బతుకంతా బావి దగ్గర వాలులో ముందుకు నడిచి, నీళ్ళు పడిన చప్పుడు వినబడగానే వెనక్కి తిరిగి రావడం నేర్చుకున్నవి. ఇక్కడ నీళ్ళు పడిన చప్పుడు రాలేదు. అందుకని అవి ఆగకుండా ముందుకే పోతున్నాయి. ఇంజన్ కొమ్మకు తగిలేలా పైకి పోతోంది. మా ఆయన తోకలు పట్టుకొని వేలాడుతున్నాడు, ఉస్తాద్ రెండు చేతులూ ఎత్తి అల్లాను తలుచుకుంటున్నాడు. మా అత్త గబగబా తాగునీళ్ళ కడవ ఎత్తుకొచ్చి వాటి వెనకాల భళ్ళున కుమ్మరించింది. ఎద్దులు టక్కున ఆగి, వెనక్కి నడిచాయి. ఇంజన్ మెత్తగా బస్సు ముక్కులోకి దిగి కూర్చుంది. ఆ కరువులో కడవెడు నీళ్ళు నేలపాలయినందుకు మా అత్త ఆ రోజంతా ఎద్దులతో మాట్లాడలేదు.

ఉస్తాద్, మా ఆయన బయటికి కనబడే దూదంతా ఏరేసి, పాత బండి సామాను ఒక్కొక్కటే దానికి బిగించారు. అది పూర్తయ్యేసరికి తేరు రోజు తెల్లవారనే తెల్లవారింది.

ఆ పొద్దున ఊరంతా మా ఇంటి ముందే ఉంది. అందరికీ తేరు చూడటానికి కదిరి పోవాలి. బస్సుకు పసుపు, కుంకుమ, వేపమండలు. ఉస్తాద్ హ్యాండిలు పెట్టి తిప్పాడు. లేవలేదు. మా ఆయన తిప్పాడు. లేవలేదు. ఊళ్ళోని కండగల మగవాళ్ళందరూ వంతులవారీగా తిప్పారు. అదివరకు కనీసం దగ్గేది, ఇప్పుడు దగ్గు కూడా లేదు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. చెవుల్లో దూది, అందుకని నాకు చేతులు తిరగడం, నోళ్ళు తెరుచుకోవడం తప్ప ఏమీ వినబడటం లేదు.

సరిగ్గా అప్పుడే మలుపులో హారన్ మోగించుకుంటూ జోడుబస్సులాయన బస్సు వచ్చింది (ఆ హారన్ మాత్రం దూదిలోంచి కూడా వినబడింది). తేరు రోజుకని ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకొని వచ్చాడు. ముందు సీట్లో టోపీ పెట్టుకున్న ఆఫీసరును కూర్చోబెట్టుకొని, పరిస్థితి కళ్ళతో చూపించడానికే తీసుకొచ్చాడు. జోడుబస్సులాయన దిగి మా బస్సు చుట్టూ తిరిగి, "చూసినారా సార్, పసుపు పూసి బొట్టు పెట్టినారు. ఇది పూజకే గాని పయానానికి కాదు" అన్నాడట. జనం నవ్వారు. మన ఊరి జనమే. వాళ్ళకు తేరు చూడాలి, ఎవరి బస్సయితేనేం.

ఆఫీసరు మంచివాడే. మా మామను పిలిచి, "ఏమప్పా, ఈ పొద్దే గడువు. సాయంత్రం దీపాలు పెట్టేలోపల నీ బస్సు కదిరి బస్టాండులో నా ముందర నిలబడితే సరి. లేకుంటే నేనేం చేసేదానికి లేదు" అన్నాడట. జోడుబస్సులాయన బస్సు లోపల, పైన, వెనక నిచ్చెనకు కూడా జనాన్ని ఎక్కించుకొని పోయింది. మా ఇంటి ముందు దుమ్ము మిగిలింది. మా మామ అరుగు మీద కూలబడి తలగుడ్డ తీశాడు. ఆయన తలగుడ్డ తీశాడంటే అంతకంటే చెప్పాల్సింది లేదని నాకు తెలుసు.

నేనిక ఉండబట్టలేక, ఏమంటున్నారో విందామని ఒక చెవిలోంచి దూది పీకాను. ఉస్తాద్ గొంతు వినబడింది.

"పెట్రోలు వస్తాండాది అన్నా. కరెంటు వస్తాండాది. అయినా గాలి పీల్చుకోకుండా ఉండాది. ఎవరో గట్టిగ ముక్కు మూసిపట్టుకున్నట్ల."

నేను చేతిలోని దూది వైపు చూశాను. ఖాళీ పలకల వైపు చూశాను. మళ్ళీ దూది వైపు చూశాను. పాపను మంచం మీద వదిలి, బాలింతనన్న సంగతి మరిచిపోయి, గడప దాకా పరుగెత్తాను.

"అత్తా! దాని దూదంతా తీసినారా?"

"తీసినారు కదమ్మే. బిరాన లోపలికి పో, గాలి తగుల్తాది!"

"ముక్కులోదో? గరిటె కాడతో తోసినావే?"

ఉస్తాద్ ఒక్క ఎగురు ఎగిరి బస్సు ముక్కు మీద పడ్డాడు. ఆ పెద్ద రంధ్రం మీదనే కార్బురేటర్ బిగించి ఉంది. దాన్ని విప్పి, లోపలికి కొక్కెం చేసిన తీగ దూర్చి లాగితే వచ్చింది చూడండి దూది! వస్తూనే ఉంది. మా అత్త మంచి పరుపుకు సరిపడా తోసినట్టుంది. ఆఖరికి ఉస్తాద్ దాన్ని అరచేతిలో పరిచి అందరికీ చూపించాడు. బయటివైపు కారంపొడిలా ఎర్రగా ఉంది, లోపలివైపు మల్లెపువ్వులా తెల్లగా ఉంది. దుమారం మన్నంతా ఆ దూది దగ్గరే ఆగిపోయింది.

"వదినా, నిన్నేమనాలో నాకు తెలీడంల్యా. బండిని నిలిపిందీ నువ్వే, బతికించిందీ నువ్వే" అన్నాడు ఉస్తాద్.

"తిట్టేది, పొగిడేది కదిరికి పోయొచ్చినాక. ముందు తిప్పు" అంది మా అత్త.

మా ఆయన హ్యాండిలు పట్టుకొని తిప్పాడు. ఒక్క తిప్పే. అది దగ్గలేదు, మూలగలేదు. కడుపునిండా పాలు తాగిన బిడ్డ నిద్రలో ఊపిరి తీసినట్టు, ఒకే తీరుగా చప్పుడు చేసింది. మా మామ లేచి నిలబడి తలగుడ్డ చుట్టుకున్నాడు.

ఇక ప్రయాణం. నన్ను, పాపను కూడా బయలుదేరదీసింది మా అత్త. "ఒక బాలింత ఇంట్లో, ఒక బాలింత రోడ్డు మీద అంటే నాతో కాదు. ఇద్దరినీ ఒకచోటనే పెట్టుకోని చూసుకుంటా" అని. కాచి చల్లార్చిన నీళ్ళు కడవలకు పోసి బస్సులో పెట్టించింది, నాకు కొంత, ఇంజన్‌కు కొంత. నా చెవిలో మళ్ళీ దూది కుక్కింది. బరువు ఎత్తించకూడదన్నారు కాబట్టి మిగిలిన జనంలో సన్నగా ఉన్నవాళ్ళనే ఎక్కించింది (కరువు రోజులు, సన్నవాళ్ళకు కొదవ లేదు). మా ఊరి అంగడాయన కొంచెం ఒళ్ళున్న మనిషి. ఆయన మెట్టు మీద కాలు పెట్టగానే, "అన్నా, నువ్వు పురుడెళ్ళినాక రా" అని దించేసింది.

పరుగెత్తించకూడదు కదా, ఉస్తాద్ ఎద్దులబండి కంటే కొంచెం వేగంగా, సైకిలు కంటే కొంచెం మెల్లగా తోలాడు. దారిలో గొర్రెలు కాసే తాత ఒకడు పక్కనే నడుస్తూ కిటికీలోంచి తల పెట్టి, "ఏమప్పా ఉస్తాద్, బస్సును మేపుకుంటా పోతాండావా?" అన్నాడు. సైకిలాయన ఒకడు దాటిపోతూ, "కదిరిలో మీరొస్తాండారని చెప్పమంటారా?" అన్నాడు. మా మామ పళ్ళు నూరుతూ పొద్దు వైపే చూస్తున్నాడు. మా అత్త మాత్రం నిబ్బరంగా, "నవ్వనీ. బిడ్డను కన్నప్పుడు వాళ్ళమ్మ గూడా ఇట్లనే నడిచింటాది" అంది.

కనుమ మొదట్లో మలుపు తిరగగానే కనబడింది, జోడుబస్సులాయన బస్సు. ముక్కులోంచి ఆవిరి కక్కుతూ, అడ్డంగా నిలబడి ఉంది. అంత జనాన్ని ఎక్కించుకొని ఎత్తు ఎక్కబోయి సలసల కాగి ఆగిపోయింది. చుట్టుపక్కల వాగుల్లో వంకల్లో చుక్క నీళ్ళు లేవు. జనం ఎండలో బండల నీడ వెతుక్కుంటున్నారు. ఆఫీసరు టోపీతో విసురుకుంటున్నాడు. జోడుబస్సులాయన చేతిలో వట్టి డబ్బా.

మా అత్త దిగి, మొదట పిల్లాజెల్లా అందరికీ తాగడానికి నీళ్ళు పోసింది. తర్వాత ఒక కడవ తీసుకుపోయి జోడుబస్సులాయన ముందర పెట్టింది. "తీసుకో నాయనా. కాచిన నీళ్ళే, దానికి మేలు చేస్తాయి. బండి చల్లారినాక పొయ్యి, ఇప్పుడే పోసినావంటే పగుల్తాది." ఆయన తలెత్తకుండా తీసుకున్నాడు.

ఆఫీసరు పొద్దు వైపు చూసి, మా బస్సు వైపు చూసి, "ఈ జనాన్నంతా ఎక్కించుకోని ఇది కనుమ ఎక్కుతాదా?" అన్నాడు.

ఉస్తాద్ మా మామ వైపు చూశాడు. మా మామ మా అత్త వైపు చూశాడు. ఎక్కించకపోతే ఆఫీసరు అక్కడే ఆగిపోతాడు, మనం కదిరి పోయి ఎవరి ముందర నిలబడాలి? ఎక్కించి అది ఆగిపోతే అంతటితో బస్సూ పోయె, పర్మిటూ పోయె, కాసులదండా పోయె. మా అత్త నెమ్మదిగా బస్సు ముందరికి పోయి, పిల్లలకు జ్వరం చూసినట్టు ముక్కు మీద అరచెయ్యి పెట్టింది. కళ్ళు మూసుకొని కాసేపు ఆ చప్పుడు విన్నది. తర్వాత వెనక్కి తిరిగి అందరికీ వినబడేలా చెప్పింది.

"పురుడెళ్ళిపాయ. ఇంకేం భయంల్యా, పని చేసుకోవచ్చు. ఎక్కండి!"

అంతటితో ఆగలేదు. నా దగ్గరికి వచ్చి, "నీకూ అయిపాయ లేమ్మే" అంటూ నా రెండు చెవుల్లోంచీ దూది పీకి కిటికీలోంచి పారేసింది.

అప్పుడు మొదటిసారి ఆ ఇంజన్ పూర్తి గొంతు విన్నాను. లోపలా పైనా జనం నిండి, ఒక్కొక్క మలుపూ తిరుగుతూ, ఎక్కడా తడబడకుండా, అది కనుమ ఎక్కుతుంటే ఆ చప్పుడు కొండలకు తగిలి మళ్ళీ మా దగ్గరికే వస్తోంది. పాప నిద్రలేచి కళ్ళు విప్పి వింటోంది. మా ఆయన టికెట్లు ఇవ్వడం మరిచిపోయి నా వైపు చూసి నవ్వుతున్నాడు. కొసన, నిట్టనిలువు మలుపులో, ఎవరూ ఊపిరి తీయలేదు. అది దాటి దిగువన కదిరి గోపురం కనబడగానే బస్సులో లేచిన అరుపుకు గొర్రెలు చెదిరిపోయాయి. కనుమ గాలి రివ్వున కొడుతుంటే మా అత్త నడుముకున్న సంచిలోంచి కొత్త దూది తీసి, "చెవుల్లో పెట్టుకో నాయనా, ఎండకు తిరిగినావు, గాలి పడదు" అని ఆఫీసరుకు ఇచ్చింది. ఆయన ఏమనుకున్నాడో ఏమో, టోపీ తీసి రెండు చెవుల్లోనూ పెట్టుకున్నాడు.

అట్లా దీపాలు పెట్టకముందే మా బస్సు కదిరి బస్టాండులో నిలబడింది. అది ఆఫీసరు ముందర నిలబడాలన్న షరతు మాత్రం నెరవేరలేదు, ఎందుకంటే ఆయన దాని లోపలే ఉన్నాడు. దిగి, చెవుల్లో దూదితోనే, మా మామ భుజం తట్టి, "తోలుకో పో" అన్నాడు. అంతకంటే పెద్ద కాగితం మాకు అక్కర్లేకపోయింది.

ఆ తర్వాత మా బస్సును ఎవరూ దగ్గుబస్సు అనలేదు. బాలింతబస్సు అన్నారు. మా అత్త మెడ బోసిగానే ఉండిపోయింది. ఎవరైనా ఆడవాళ్ళు దండేమైందని అడిగితే, సాయంత్రం రోడ్డు వైపు చెయ్యి చూపించి, "అదో, వస్తాండాది చూడు" అనేది. కొన్నాళ్ళకు జోడుబస్సులాయన కూడా బెంగళూరు నుంచి అట్లాంటి ఇంజనే తెచ్చుకున్నాడు. ఆయన భార్య పసుపు, కుంకుమ, టెంకాయ తీసుకొని మా ఇంటికి వచ్చి, "అక్కా, దూది ఎంత లోతుకు పెట్టాల?" అని మా అత్తను అడిగిపోయింది.

ఇప్పుడు అత్త లేదు, మామ లేడు, ఆ బస్సూ లేదు. నాకు చెవుల్లో దూది లేకపోయినా సరిగా వినబడటం లేదు. మనవళ్ళు దగ్గరికొచ్చి అరిచి చెప్పాలి. వాళ్ళ బండ్లు ఎప్పుడు వచ్చేదీ ఎప్పుడు పోయేదీ నాకు చప్పుడే తెలియదు. కానీ ఫాల్గుణం వచ్చి ఎర్రదుమ్ము లేచిన సాయంత్రాల్లో, ఎందుకో చెవిలో వేలు పెట్టి చూసుకుంటాను, అత్త మళ్ళీ ఏమైనా కుక్కిందేమోనని. ఏమీ ఉండదు. అప్పుడు ఆ కనుమ చప్పుడు మాత్రం చక్కగా వినబడుతుంది. ఇంజన్ మీద అసూయపడి కంబళి కింద ఏడ్చిన ఆ పిచ్చిపిల్ల కూడా వినబడుతుంది.

చాటలో కాయలన్నీ అయిపోయినట్టున్నాయి. ఇక లేవండి, పొద్దు వాలింది. మీ ఇంటి బావిలో నీళ్ళు ఊరుతూ ఉండాలి. మీ ఇంటి బాలింతకు వేడినీళ్ళు కాచిపెట్టే చేతులు ఉండాలి. మీవాళ్ళు ఎక్కిన బండి ఏ కనుమలోనూ ఆగకుండా, దీపాలు పెట్టేవేళకు మీ గడప ముందర వచ్చి నిలబడాలి.